సైదమ్మ తెరువు

పాత దూది పరుపు కుట్టు తెగినప్పుడు ఒక వాసన వస్తుంది. ఎండకు కాగిన దూది, తలనూనె, ఎప్పుడో ఏ పసిబిడ్డో తడిపిన మూల, ఎండిన వేపాకు, అన్నీ కలిసిన వాసన. ఒంగోలులో నేను పనిచేసే పరుపుల షోరూములో దానికి చోటు లేదు. ఇక్కడంతా ఫోము వాసన, ప్లాస్టిక్ కవర్ల వాసన. పోయిన నెల మేం ఎక్స్ఛేంజ్ ఆఫర్ పెట్టాం. పాత పరుపు తెచ్చి ఇస్తే కొత్తదాని మీద తగ్గింపు ఇస్తాం. వచ్చిన పాతవాటిని వెనక షెడ్డులో పడేస్తాం, వారానికోసారి లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. ఎక్కడికి తీసుకుపోతారో నేనెప్పుడూ అడగలేదు. ఒక మంగళవారం పొద్దున వేములపాలెం నుంచి శేషమ్మగారు ట్రాలీ ఆటోలో ఒక దూది పరుపు వేసుకుని వచ్చారు. మావాళ్ళు దించుతుంటే ఆటో రేకు తగిలి అంచు చిరిగింది. కౌంటరు దగ్గర ఉన్న నాదాకా ఆ వాసన వచ్చింది.

లేచి బయటికి వెళ్ళాను. పరుపు గుడ్డ వెలిసిపోయి, చారలు ఏ రంగువో కూడా తెలియడం లేదు. మిగతా అంచు కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. నాలుగు కుట్లు ముందుకు, ఒక కుట్టు వెనక్కి. ఆ కుట్టు వేసే మనిషి నాకు తెలిసి ఒక్కతే. "దాన్ని షెడ్డులో వెయ్యకండి" అన్నాను. "ఏమ్మా, ఆఫరుకి పనికిరాదా?" అని శేషమ్మగారు కంగారుపడ్డారు. పనికొస్తుందో రాదో నాకే తెలియలేదు. ఆమెను లోపల కూర్చోబెట్టి టీ తెప్పించి, నేను మళ్ళీ ఆ పరుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. అక్కడ నిలబడి గుర్తు చేసుకున్నదంతా, సైదమ్మను ఎన్నడూ చూడనివాళ్ళ కోసం వీలైనంత వరుసగా రాస్తాను. వరుస ఎక్కడైనా తప్పితే నన్ను మన్నించాలి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నదే ఇప్పుడు నన్ను పీడిస్తున్న సంగతి.

పద్నాలుగేళ్ళ కిందట మేం నల్లపాడులో రైల్వే స్టేషనుకు దగ్గరగా ఒక పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్ళం. మా ఆయన కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల లెక్క చూసేవాడు. నేను తెలుగు పండిత ట్రైనింగు పూర్తిచేసి, డీఎస్సీ రెండుసార్లు రాసి, రెండుసార్లూ తప్పాను. మూడోసారికి చదువుతూ, ఇంట్లో కుట్టుమిషను తొక్కుతూ ఉండేదాన్ని. పక్క పోర్షన్‌లో సైదమ్మ ఒక్కతే ఉండేది. అసలు పేరు సైదాబీ. ఊళ్ళలో అందరికీ సైదమ్మ. దూది ఏకే కుటుంబం. భర్త జిన్నింగు మిల్లులో పనికి కుదిరితే పర్చూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చారట. ఆయన పోయాక, అత్తగారు ఒకప్పుడు తిరిగిన ఊళ్ళనే ఈమె మళ్ళీ పట్టుకుంది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చంకలో రెండు బెత్తాలు, కొంగున గుచ్చిన దబ్బనంతో కనిపించేది. పొద్దున్నే మొదటి బస్సెక్కి వెళ్ళి, ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, ఉండలు కట్టిన పరుపులు విప్పి, దూదిని ఎండలో చాపమీద పోసి బెత్తాలతో కొట్టి, మళ్ళీ నింపి కుట్టేది. పరుపుల గలేబులు కుట్టే పని నాకు ఇచ్చేది.

ఒకరోజు నేను వసారాలో కూర్చుని సమాసాలు వల్లె వేస్తుంటే సైదమ్మ చారల గుడ్డ తాను ఒకటి భుజాన వేసుకుని వచ్చింది.

"ఏంది టీచరమ్మా, ఆ గొణుగుడు?" అంది. ఉద్యోగం రాకముందే నన్ను టీచరమ్మను చేసిన మనిషి ఆవిడ ఒక్కతే.

"సమాసాలు పెద్దమ్మా. బతుకుతెరువు. బతుకంటే జీవితం, తెరువంటే దారి. బతకడానికి దారి అన్నమాట."

"ఎవురి దారి?"

"ఎవరిదేంటి? బతికేవాళ్ళది."

"ముందు నడిచినోళ్ళది కాదా?"

"అది పరీక్షలో అడగరులే పెద్దమ్మా."

"అడగాల్సింది అదేగదా" అని గుడ్డ నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. పండిత ట్రైనింగు చదివినదాన్ని నేనా, ఆవిడా? కానీ ఆవిడ అన్నమాట వదల్లేదు. పుస్తకాల్లో నాకు తెరువు అనే మాట ఎప్పుడూ ఒంటరిగా కనబడేది కాదు. తెరువరి అంటే బాటసారి అని నిఘంటువులో చదివాను, అంతే. తెరచు అన్న మాటకూ దీనికీ చుట్టరికం ఉందా, దారి అంటే తెరుచుకున్నది అనా, అని ట్రైనింగులో ఒక మాస్టారిని అడిగితే, "అవన్నీ నీకెందుకమ్మా, బిట్లు చూసుకో" అన్నారు. ఇప్పటికీ అది నాకు తేలలేదు. సైదమ్మ ఇంట్లో మాత్రం ఆ మాట ఒంటరిగానే బతికి ఉంది. వాళ్ళ అత్తగారు పనికి పోతున్నానని ఎన్నడూ అనేది కాదట. "తెరువుకి పోతన్నా, కుండలో అన్నం ఉంది" అనేదట. సైదమ్మ కూడా అంతే. నేను బట్టీ పట్టే మాట మీద ఆవిడ రోజూ నడిచి వస్తోందని అప్పట్లో నాకు కొంచెం అసూయగా ఉండేది.

మూడోసారి కూడా డీఎస్సీ తప్పాను. ఆ వారమంతా నేను మిషను తొక్కలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఎనిమిదో రోజున సైదమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. "లే. ఎండలో నిలబడితే ఏడుపు ఆరిపోయిద్ది. నాతో రా" అంది. ఓదార్పు అంటే ఆవిడకు తెలిసింది అంతే. నేనూ విసురుగా లేచి చెప్పులేసుకున్నాను. ఆవిడ మీద కోపంతోనే బస్సెక్కాననిపిస్తుంది. అలా మొదటిసారి వేములపాలెం వెళ్ళాను.

అది మిరపకాయల కాలం. ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. బస్టాపు ఎదురుగా ఉన్న మొదటి ఇల్లే శేషమ్మగారిది. సైదమ్మ నాకు పని అప్పగించి లోపల మంచాల కొలతలు చూడటానికి వెళ్ళింది. ఇంటి ముందు నీడ ఉంది, వెనక ఖాళీ చోటు ఉంది. దూదికి ఎండ కావాలని నాకు తెలుసు కాబట్టి, తెలివిగా వెనక్కి తీసుకెళ్ళి చాప పరిచాను. పక్కనే శేషమ్మగారి కల్లం, కాయలు తిరగేస్తున్న కూలీలు. వాళ్ళు పారతో కాయను ఎగదోసినప్పుడల్లా గాలి ఇటే వస్తోంది. నేను ఉత్సాహంగా బెత్తాలతో దూది కొడుతూనే ఉన్నాను, తుమ్ముతూనే ఉన్నాను. దుమ్మువల్ల అనుకున్నాను. రెండు గంటలకు సైదమ్మ వచ్చి, ఒక గుప్పెడు దూది తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"టీచరమ్మా, ఈ పరుపు మీద మనుషులు పండుకోవాలా, దీన్ని కూరలో వేసుకోవాలా?"

దూది నిండా మిరపకాయ ఘాటు. కూలీలంతా నడుములు పట్టుకుని నవ్వారు. ఆ దూది రెండు రోజులు ఎదురుగాలిలో ఆరబెట్టినా ఘాటు దిగలేదు. సైదమ్మ అది తన ఇంటికి తెచ్చుకుని, తన సొంత పరుపులోని దూది తీసి శేషమ్మగారి పరుపులో నింపింది. ఆ ఏడాదంతా ఘాటు పరుపు మీద ఆవిడే పడుకుంది. గోడ అవతల ఆవిడ దగ్గు వినబడినప్పుడల్లా నేను తలగడలో మొహం దాచుకునేదాన్ని. ఆవిడ మాత్రం నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తర్వాత ప్రతి ఊళ్ళోనూ దిగగానే, "గాలి ఎటుందో చూడు" అని మాత్రం అనేది. అనీ అనీ నాకు అలవాటు చేసింది.

ఆవిడకు అలాంటి ఊళ్ళు పదకొండు ఉండేవి. "మావి" అనేది. పొలం కాదు, పట్టా కాదు, కాగితం ముక్క లేదు, అయినా మావి. వాళ్ళ కుటుంబాల్లో ఊళ్ళు పంచుకుంటారట. ఒకరి ఊళ్ళో ఇంకొకరు పరుపు విప్పరు. ఎవరి ఊరో తెలిసేది ఎలాగంటే, ప్రతి పరుపులోనూ కుడివైపు మూల గుడ్డలో కట్టిన చిన్న మూట ఉంటుంది. సైదమ్మ మూటలో ఐదు పత్తిగింజలు. అత్తగారిది మూడు గింజలట. తెలియక వేరే ఊరి మనిషి ఆ పరుపు విప్పినా, ఆ మూట చేతికి తగలగానే దబ్బనం పక్కన పెట్టి, "మీ మనిషి వచ్చిద్ది, ఆమెతోనే కుట్టించుకోండి" అని చెప్పి వెళ్ళిపోవాలి. నా కళ్ళముందే ఒకసారి అలా జరిగింది. నడి ఎండలో సైకిలు మీద వచ్చిన ఒక ముసలాయన, సగం విప్పిన పరుపును మళ్ళీ కుట్టి, మంచినీళ్ళు తాగి, ఏమీ పుచ్చుకోకుండా సైకిలెక్కాడు. నాకు ఆశ్చర్యం వేసింది. అడిగేవాళ్ళెవరూ లేని చోట కూడా మాట నిలబెట్టుకునే మనుషులను నేను అంతకుముందు పెద్దగా చూడలేదు.

ఆవిడ అక్క కూతురు జాన్‌బీని కొత్తపట్నం దగ్గర ఇచ్చారు. పెళ్ళికి అందరూ గిన్నెలూ చీరలూ పెట్టారు. సైదమ్మ మాత్రం సముద్రం వైపు ఉన్న రెండు ఊళ్ళు ఇచ్చింది. ఊళ్ళు ఎలా ఇస్తారో చూద్దామని నేనూ వెంట వెళ్ళాను. ఊళ్ళో మొదటి ఇంటి పరుపు విప్పి, కొట్టి, నింపి, మూల కుట్టే ముందు తన ఐదు గింజల మూట పెట్టింది. దాని పక్కన జాన్‌బీ తన మూట పెట్టింది. అందులో ఒక గవ్వ ఉంది. రెండూ కలిపి కుట్టేశారు.

"రెండెందుకు పెద్దమ్మా?" అని అడిగాను.

"ఇచ్చినోళ్ళది ఒకటి, పుచ్చుకున్నోళ్ళది ఒకటి. ఈసారి ఇది వచ్చినప్పుడు కుట్టు విప్పి, నా మూట తీసేసి, దాని మూటతోనే మళ్ళీ కుట్టుకుంటది. అప్పటిదాకా ఊరు ఇద్దరిదీ."

"తీయకుండా ఉంచేస్తే?"

"ఎందుకు తీయదు? దానికి బతుకుతెరువు వద్దా?" అని నవ్వింది.

మూడు కాలాలు ఆవిడతో తిరిగాను. కొట్టడం, నింపడం, ఆ నాలుగూ ఒకటీ కుట్టు అన్నీ వచ్చాయి. గుడ్డ మీద గీతలు గీయడానికి నేను మామూలు బడి సుద్దముక్కలు వాడేదాన్ని, మూడు డీఎస్సీలకు కొన్న డబ్బా ఇంకా మిగిలే ఉంది మరి. ఆవిడ ఆ సుద్దను చూసి, "మా టీచరమ్మ బోర్డు పరుపేగదా" అని ఎగతాళి చేసేది. ఆ తర్వాత మా ఆయనకు ఒంగోలులో లారీ ఆఫీసులో పని దొరికింది. నాకూ అక్కడే ఈ షోరూములో ఉద్యోగం వచ్చింది. నెల జీతం. జీతం అన్న మాట జీవితం నుంచి వచ్చిందని మాకు పాఠం ఉండేది. మొదటి జీతం వచ్చిన రోజు ఆ పాఠం నిజమే అనుకున్నాను. సైదమ్మతో చెప్పినప్పుడు, "జీతం ఉద్యోగమా? మంచిదే. ఎండన పడే పని లేదు" అంది. ఏం అమ్ముతానో చెప్పాను. ఎక్కడ అమ్ముతానో చెప్పలేదు. నిజానికి అప్పటికి నాకూ తెలియదు.

షోరూములో చేరిన ఆరు నెలలకు మా ఓనరు వ్యాను ఒకటి కొని, "పల్లెల్లో తిరిగి అమ్మాలి, ఎవరికి ఏ ఊళ్ళు తెలుసు?" అని అడిగాడు. నేను చెయ్యి ఎత్తాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఎవరూ నన్ను తోయలేదు, బతిమాలలేదు. ఏ ఇంట్లో ఎన్ని మంచాలున్నాయో, ఎవరికి నడుంనొప్పో, ఎవరింట్లో పెళ్ళీడు పిల్ల ఉందో నాకు తెలుసు. ఫోము వేరు, దూది వేరు అని నాకు నేనే చెప్పుకున్నాను. మేం పాత పరుపులు విప్పడం లేదు కదా, కొత్తవి ఇస్తున్నాం కదా. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. ఫోము పరుపును ఏకాల్సిన పని ఎప్పటికీ రాదని, అది చేరిన ఇంట్లో సైదమ్మకు మళ్ళీ పని ఉండదని నాకు తెలియక కాదు.

వ్యాను మొదటిసారి వేములపాలెం వెళ్ళిన రోజున బస్టాపులో సైదమ్మ నిలబడి ఉంది. చంకలో బెత్తాలు, జుట్టులో దూది పీచు. ఆ ఊళ్ళోనే ఎవరింట్లోనో పని చేసి వస్తోందన్నమాట. నేను వ్యాను ఆపించి దిగాను. వ్యాను మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ, ఆ బొమ్మ కింద మెత్తటి తెల్ల పరుపు. సైదమ్మ ఆ బొమ్మను పైనుంచి కిందికి చూసింది.

"బాగుంది బండి. ఎవురింటికి?"

"శేషమ్మగారింటికి పెద్దమ్మా" అన్నాను.

"వాళ్ళ పెద్దాయనకి నడుం పట్టేసిందంట. మరీ మెత్తంది అంటగట్టమాక. గట్టిది ఇవ్వు."

"ఎక్కు పెద్దమ్మా, పెద్దరోడ్డుదాకా దింపుతాను."

"నా బస్సు వచ్చిద్దిలే. నువ్వు పోయి రా, ఎండెక్కతంది."

అంతే. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, నవ్వూ లేదు. తిడితే బాగుండేది. శేషమ్మగారింట్లో ఆ రోజు గట్టి పరుపే ఇచ్చాను. బయటికి వచ్చేసరికి బస్టాపు ఖాళీగా ఉంది. ఆ ఏడాదిలో నేను ఆవిడకు మిగిలిన తొమ్మిది ఊళ్ళలోనూ తిరిగాను. మా షోరూములో అందరికన్నా ఎక్కువ అమ్మింది నేనే. నా ఫోటో గుమ్మం పైన గోడకు తగిలించారు. దాని కింద నుంచి నడిచిన ప్రతిసారీ తలదించుకుని పోతుంటాను, ఎత్తు తక్కువగా కట్టారు కాబట్టి అని అందరూ అనుకుంటారు.

సైదమ్మ మెల్లగా ఊళ్ళు తిరగడం మానేసింది. మోకాళ్ళ వల్ల మానేసిందా, నావల్ల మానేసిందా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. అడిగినవాళ్ళందరికీ మోకాళ్ళనే చెప్పిందట. నల్లపాడు ఖాళీ చేసి జాన్‌బీ దగ్గరికి, కొత్తపట్నం పక్క ఊరికి చేరింది. ఒంగోలుకు అది అరగంట దూరం. ఆ అరగంట ప్రయాణం చెయ్యడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. వెళ్ళినప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళలేక మా షోరూములోని ఫోము తలగడ ఒకటి తీసుకెళ్ళాను. అంతకన్నా బుద్ధిలేని పని ఇంకొకటి ఉండదని ఆ గుమ్మంలో అడుగుపెట్టాక తెలిసింది. సైదమ్మ ఆ తలగడను రెండు చేతులతో నొక్కి చూసి, తల కింద పెట్టుకుంది. "మెత్తంగానే ఉందిలే" అంది.

మంచం పట్టెమీద కూర్చుని ఇంక దాచుకోలేకపోయాను. "పెద్దమ్మా, నేను మీ ఊళ్ళలోకి వచ్చాను. మీ నోటి దగ్గర అన్నం లాక్కున్నాను" అని ఏడ్చేశాను.

"ఊళ్ళు ఎక్కడికి పోతయ్యమ్మా? అక్కడే ఉంటయ్" అంది.

"అది కాదు పెద్దమ్మా. నామీద కోపం ఉందా లేదా, ఆ ఒక్కటీ చెప్పు."

తల కింద తలగడ సర్దుకుంది. "శేషమ్మ ఇంటికి పోతన్నావా?"

"ఫోము ఇచ్చాక మళ్ళీ పోలేదు. పోవాల్సిన పనేముంది?"

"పో. ఎప్పుడన్నా పో" అని అటు తిరిగి పడుకుంది. జాన్‌బీ నాకు టీ ఇచ్చి, "పిన్ని ఈ మధ్య ఏం మాట్టాడతందో తెలవటం లేదక్కా, ఏం అనుకోమాక" అంది. నేనూ అలాగే అనుకున్నాను. ముసలితనం, మందులు, మాటకూ మాటకూ పొంతన లేకపోవడం. శేషమ్మగారింటికి వెళ్ళలేదు. రెండేళ్ళ కిందట సైదమ్మ పోయింది. కబురు నాకు ఆలస్యంగా అందింది.

ఇదంతా గుర్తు చేసుకుంటూ ఆ మంగళవారం షోరూము ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చి, పరుపు కుడివైపు మూల కుట్టు విప్పాను. దూదిలోకి వేళ్ళు పెట్టగానే మూట తగిలింది. తీసి విప్పితే ఐదు పత్తిగింజలు. నల్లగా, గట్టిగా, అలాగే ఉన్నాయి. కళ్ళనీళ్ళు తిరిగాయి. గుడ్డ మళ్ళీ ముడి వేసి లోపల పెట్టబోతే, వేళ్ళకు ఇంకో మూట తగిలింది.

అందులో ఒక సుద్దముక్క ఉంది. సగం పొడి అయిపోయి, గుడ్డ తెల్లబడి ఉంది. బడి సుద్ద. నా డబ్బాలోది.

నేను అక్కడే, షోరూము మెట్ల మీద కూలబడ్డాను. శేషమ్మగారు టీ గ్లాసు పక్కన పెట్టి గాభరాగా బయటికి వచ్చారు. "ఈ పరుపు సైదమ్మ ఆఖరుసారి ఎప్పుడు కుట్టింది పిన్నిగారూ?" అని అడిగాను.

"ఎప్పుడంటే ఏం చెప్పనమ్మా. చానా ఏళ్ళయింది."

"నేను వ్యానులో మీ ఇంటికి రాకముందా, వచ్చాకా?"

"అదే గుర్తు రావటం లేదు. నువ్వు వచ్చిన రోజు పొద్దున కూడా వచ్చినట్టే ఉంది ఆమె. కాదు, ఆ తర్వాత ఏడాది మా పెద్దాయన పోయాక కూడా ఒకసారి వచ్చింది. ఏదో ఒకసారి పోతా పోతా, ఇకమీదట ఆ పిల్ల వచ్చిద్ది, ఆమెతోనే చేయించుకోండి అని మాత్రం చెప్పింది. నువ్వు ఫోము ఇచ్చిపోయి మళ్ళీ రాలేదుగా. ఎదురుచూసి, ఇంక ఎవురూ లేరని ఈ ఆఫరుకి తెచ్చా."

అడిగిందే తిప్పి తిప్పి నాలుగుసార్లు అడిగాను. పాపం, ఆమె నుదురు పట్టుకుని ఆలోచించారు. ఎంత ఆలోచించినా మళ్ళీ అక్కడికే వచ్చారు. వ్యాను రాకముందే కుట్టి ఉంటే, సైదమ్మ ఊరు నాకు ఇచ్చి, బస్టాపులో నన్ను చూసి సంతోషించకపోయినా, తన ఊళ్ళో తన మనిషి నడుస్తోందనుకుని ఉంటుంది. తర్వాత కుట్టి ఉంటే, నేను దొంగతనంగా తీసుకున్నదాన్ని ఇచ్చినదిగా మార్చి, నా తప్పును కుట్టు లోపల దాచిపెట్టి ఉంటుంది. ఒకటి కానుక, ఇంకోటి క్షమ. రెంటిలో ఏది అన్నది చెప్పగల మనిషి ఇప్పుడు లేదు. ముందు నడిచినోళ్ళది కాదా అని ఆవిడ అడిగిన రోజున, అది పరీక్షలో అడగరని తేలిగ్గా అనేశాను. ఇప్పుడు జవాబు రాయమంటే నాకు చేతకావడం లేదు.

శేషమ్మగారికి ఆఫరు తగ్గింపు నా జీతంలోంచి వేసి కొత్త పరుపు ఇప్పించాను. పాతది మళ్ళీ ఆమె ఆటోలోనే ఎక్కించమన్నాను. "దీన్ని తీసుకుపోయి ఏం చేసుకోనమ్మా?" అన్నారు. "ఉంచండి. ఆదివారం నేను వస్తాను. ఒక చాప, రెండు బెత్తాలు చూసి పెట్టండి" అన్నాను.

ఆదివారం మొదటి బస్సుకు వేములపాలెంలో దిగాను. పదేళ్ళు దాటాక దూది కొట్టడం, అరచేతులు బొబ్బలెక్కాయి. కల్లాల్లో ఇంకా కాయ ఉంది కాబట్టి ముందు నిలబడి గాలి ఎటుందో చూసుకుని, ఇంటి ముందు వైపు నీడ తప్పించి చాప వేసుకున్నాను. మధ్యాహ్నానికి దూది నింపాను. నాలుగు కుట్లు ముందుకు, ఒకటి వెనక్కి వేసుకుంటూ కుడివైపు మూలకు వచ్చి ఆగాను. పద్ధతి ప్రకారమైతే ఐదు గింజల మూట తీసేసి, నాదొక్కటే పెట్టి కుట్టాలి. తీసి కాసేపు చేతిలో పట్టుకున్నాను. శేషమ్మగారు అరుగు మీద కూర్చుని, ఏం చేస్తానా అని చూస్తున్నారు. రెండు మూటలూ పక్కపక్కన పెట్టి కుట్టేశాను.